పిడుగు హాల్‌టికెట్టు

మా ముందు గది, కిటికీ పక్క మంచం దగ్గర్నుంచి
సోమవారం

అక్కా,

ఉత్తరం రాసి నాలుగు నెలలైందని నువ్వు వేళ్ల మీద లెక్కపెట్టుకునే ఉంటావు. తీరిక లేదే. మా ఇంట్లో యుద్ధం నడుస్తోంది. సేనాధిపతి మీ మరిది. సైన్యం మొత్తం మన పిడుగు ఒక్కతే, వయసు పదకొండు. శత్రువు ఆ పెద్ద బడి ప్రవేశ పరీక్ష. మూడు వేల మంది రాస్తే నలభై మందిని తీసుకుంటారు. పన్నెండు నిండితే రాయనివ్వరు కాబట్టి పిల్లకు ఇదొక్కటే అవకాశం.

మీ మరిది గోడకు ఒక పట్టిక అంటించారు. ఆయన కళ్లద్దాల దుకాణంలో గిరాకీల చేత చదివించే అక్షరాల అట్ట ఉంటుంది చూడు, పైన గుమ్మడికాయంత, కింద చీమతలంత. అచ్చం అలాగే ఉంది. పై వరసలో 'పరీక్ష'. అన్నిటికన్నా కింద, నాలాంటి వాళ్లకు అద్దాలు పెట్టినా కనపడనంత చిన్నగా, 'ఆట, అరగంట'.

ఇంతలో సైన్యానికి కొద్దిగా ఒంట్లో బాగాలేదు. జ్వరం, మోకాళ్ల నొప్పి. వారం నుంచీ మంచం మీదే ఉంది. లెక్కల మాస్టారు ఇంటికే వచ్చి స్టూలు వేసుకుని చెబుతున్నారు. "నొప్పి కాళ్లకే కదమ్మా, తలకు కాదుగా" అన్నారు. అంత ధైర్యం చెప్పే మనిషిని నేనింతవరకు చూడలేదు.

పరీక్షకు ఇంకా ఇరవై ఆరు రోజులు. రాయించాలా వద్దా అని ఇంట్లో చర్చ వస్తే, అక్కను అడుగుతానన్నాను. పిల్లల వార్డులో ఇరవై రెండేళ్లుగా ఉన్నావు. ఒక్క ముక్క రాయి. అవునని రాస్తే ఆయనకు చదివి వినిపిస్తాను. కాదని రాస్తే ఉత్తరం దారిలో పోయిందని చెబుతాను.

నీ చెల్లి

•

పిల్లల వార్డు, నర్సుల గది
శుక్రవారం

చెల్లీ,

ఉత్తరం దారిలో పోలేదు, క్షేమంగా చేరింది.

పట్టిక గురించి ఒక పేరా, మాస్టారి ధైర్యం గురించి ఒక పేరా, పిల్ల జబ్బు గురించి మూడు ముక్కలు. నువ్వు నక్షాలు గీసే మనిషివి. పునాది వదిలేసి గుమ్మానికి ఏ రంగు వేయాలో నన్ను అడుగుతావనుకోలేదు.

'కొద్దిగా' అంటే ఎంత? నొప్పి ఒక మోకాలికా, రెండింటికీనా? ఇవాళ మోకాలు, రేపు చీలమండ, ఎల్లుండి మోచెయ్యి అని ఒళ్లంతా ఊరేగుతోందా? అంతకు ముందు గొంతునొప్పి వచ్చి పోయిందా? డాక్టరు గుండె మీద స్టెతస్కోపు పెట్టి చాలాసేపు విన్నాడా? విన్నాక నిన్ను కూర్చోమన్నాడా? ఇరవై రెండేళ్లలో నేను నేర్చుకున్న వైద్యం అంతా ఇదే. డాక్టర్లు చిన్న జబ్బులు నిలబడ్డ తల్లికి చెబుతారు, పెద్ద జబ్బులు కూర్చోబెట్టి చెబుతారు.

మాస్టారికి నా నమస్కారాలు చెప్పు. కాళ్లకూ తలకూ మధ్య ఇంకో వస్తువు ఉంటుందనీ, దాన్ని గుండె అంటారనీ, వీలుంటే సిలబస్‌లో కలుపుకోమనీ చెప్పు.

అక్క

•

డ్రాయింగ్ ఆఫీసు, భోజనాల వేళ
బుధవారం

అక్కా,

కూర్చోమన్నారు.

రుమాటిక్ జ్వరమట. ముందు గొంతునొప్పి వచ్చింది, రెండు రోజుల్లో పోయింది. ఐస్‌క్రీమ్ వల్లేనని పిల్లను తిట్టి ఊరుకున్నాం. ఇప్పుడు గుండెలో ఒక కవాటం సరిగా మూసుకోవడం లేదట, ఆ చప్పుడు స్టెతస్కోపులో వినపడుతోందట. మొత్తం ఆరు వారాలు మంచం దిగకూడదు. స్నానాలగదికి కూడా ఎత్తుకునే తీసుకెళ్లాలి. మూడు వారాలకో ఇంజెక్షన్, అదీ ఏళ్ల తరబడి. మొదటి ఉత్తరంలో ఇవేవీ రాయలేదు. కాగితం మీద పెడితే నిజమైపోతుందనిపించింది. నక్షా గీశాక కట్టక తప్పదు కదా, అలా.

పరీక్ష మూడో అంతస్తులో. పిల్లను కింద గదిలో కూర్చోబెడతారేమో అడగడానికి మీ మరిదీ నేనూ ఆ బడి ఆఫీసుకు వెళ్లాం. గుమాస్తా చాలా మర్యాదస్తుడు.

"దానికి ఒక ఫారం ఉందండీ" అన్నాడు.

"ఇవ్వండి మరి."

"మూడో అంతస్తులో ఇస్తారు."

ఎక్కాం. ఫారంతో దిగాం. అందులో చివరి వరుస ఏమిటంటే, అభ్యర్థి పూర్తి ఆరోగ్యంగా ఉన్నట్టు డాక్టరు సంతకం జత చేయాలి.

"ఒంట్లో బాగాలేదనే కదండీ ఈ ఫారం అడిగింది?" అన్నాను.

"అవునండీ. కానీ ఒంట్లో బాగాలేని వాళ్లు పరీక్షకు అర్హులు కారు. అందుకని ఆరోగ్యంగా ఉన్నట్టు రాసిస్తే, అనారోగ్యం కింద పరిశీలిస్తారు."

కుడి చెవి అతని వైపు తిప్పి మళ్లీ చెప్పమన్నాను. ఎడమ చెవి పని చేయదు కాబట్టి సగం తప్పుగా వినుంటాననుకున్నాను. రెండు చెవులూ నిక్షేపంగా ఉన్న మీ మరిది కూడా అదే విన్నారట.

ఆయన అక్కడితో ఆగే మనిషి కాదు. పిల్లను కుర్చీలో కూర్చోబెట్టి, దుకాణంలో పనిచేసే ఇద్దరి చేత మూడో అంతస్తుకు మోయించాలని నిర్ణయించారు. మొన్న మా మేడ మెట్ల మీద ఖాళీ కుర్చీతో రిహార్సల్ జరిగింది. రెండో మలుపులో కుర్చీ జారి కాలు విరిగింది. కుర్చీ కాలే. ఆయన చాలాసేపు ఆ ముక్కను చూసి, "ఇంకాస్త గట్టి కుర్చీ కావాలి" అన్నారు.

నువ్వు నవ్వుతున్నావు. నేనూ నవ్వాను. తర్వాత చూస్తే పిడుగు మంచం మీంచి తల ఎత్తి చూస్తోంది. దాని మొహం మీద నవ్వు లేదు.

పరీక్ష నాటికి అయిదో వారం నడుస్తుంటుంది. డాక్టరును అడిగాను. "నేనైతే పంపను" అన్నారు. 'పంపకూడదు' అనలేదు. ఆ రెండు మాటల మధ్య సందులో మేమిద్దరం కాపురం పెట్టాం.

చెల్లి

•

పిల్లల వార్డు, మందుల అలమర పక్కన
శనివారం

చెల్లీ,

ఒక్క ముక్క అడిగావు. పంపకు.

ముక్క అయిపోయింది. ఇక్కడి నుంచి కొసరు.

ఈ జబ్బు మహా మర్యాదస్తురాలు. మందు పడగానే మోకాళ్ల వాపు తీసేస్తుంది, జ్వరం తీసేస్తుంది, పిల్ల మొహంలోకి రంగు తెస్తుంది. ఇంట్లో అందరూ ఊపిరి పీల్చుకుంటారు. గుండె లోపల పని మాత్రం ఇంకా అవుతూనే ఉంటుంది. సరిగ్గా అప్పుడే ఎవరికో ఒకరికి పెళ్లి గుర్తొస్తుంది, ప్రయాణం గుర్తొస్తుంది, పరీక్ష గుర్తొస్తుంది. మెట్లెక్కిస్తారు. ఆ మెట్లు ఎక్కొచ్చిన పిల్లలు తర్వాత నా దగ్గరికే వస్తారు. వాళ్ల తలగడలు ఎత్తుగా పెడతాను, పడుకుంటే ఊపిరాడదు కాబట్టి. ఆ తల్లులెవరూ చెడ్డవాళ్లు కారు. అందరూ 'ఒక్క రోజే కదా' అనుకున్నవాళ్లే.

మరిదిగారి కుర్చీ తన ప్రాణం ఇచ్చి మీకు బుద్ధి చెప్పబోయింది. వినే మనిషి దొరకలేదు పాపం.

ఇంకో మాట. కోపం వస్తే రానీ. నువ్వు నన్ను సలహా అడగడం లేదు, సంతకం అడుగుతున్నావు. రేపు పిల్లకేమన్నా అయితే 'పిల్లల వార్డు అక్క సరేనంది' అని చూపించుకోవడానికి. నేను పెట్టను.

అక్క

•

డ్రాయింగ్ ఆఫీసు
మంగళవారం

పూజ్యులైన అక్కగారికి,

కోపం వచ్చింది. తమరు రానిమ్మన్నారు కదా.

ఒక కథ గుర్తు చేస్తాను. కథ తమరిదే. చుట్టాలు వచ్చినప్పుడల్లా చెప్పేవారు. తల్లి లేని పదేళ్ల పిల్ల. నాన్న మిల్లులో, ఆ వారమంతా రాత్రింబవళ్లు షిఫ్టులో ఉన్నాడు. ప్రవేశ పరీక్ష రోజున పిల్ల ఒళ్లు పెనంలా కాలిపోతోంది. అక్క దాన్ని వీపున వేసుకుని రెండు మైళ్లు నడిచి, హాల్లో కూర్చోబెట్టి, చేతిలో పెన్సిలు పెట్టింది. పిల్ల పాసయింది. ఆ బడిలో చదివింది కాబట్టే ఇవాళ నాలుగంతస్తుల భవనాలకు నక్షాలు గీస్తోంది. ఇక్కడికొచ్చేసరికి చుట్టాలు కళ్లు తుడుచుకునేవాళ్లు. తమరు రెండో విడత టీ పోసేవారు.

నాకు ఆ రోజు పెద్దగా గుర్తు లేదు. నీ మెడ దగ్గర చెమట వాసన ఒక్కటే గుర్తుంది. కానీ ఆ కథ విన్నప్పుడల్లా, నా కోసం ఒక మనిషి అంత దూరం నడిచిందని ఇప్పటికీ మురిసిపోతాను. పిడుగుకు నిద్రపుచ్చే కథ కూడా నేను అదే చెప్పాను.

ఆ రోజు నువ్వు 'పంపను' అని ఉంటే నేనివాళ ఏ బల్ల దగ్గర ఉండేదాన్ని? నిన్న ఆయన అన్నారు, "మీ అక్క చేస్తే త్యాగం, నేను చేస్తే మూర్ఖత్వమా?" నీ దగ్గర జవాబుంటే పంపు. పదకొండు రోజులుంది.

ఇట్లు,
వీపున ఎక్కిన పిల్ల

•

మా ఇల్లు, వంటింటి బల్ల
శుక్రవారం

చెల్లీ,

జవాబు ఉంది. ముప్పై ఒక్క ఏళ్లుగా ఉంది.

ఆ జ్వరం పరీక్ష రోజున రాలేదు. నాలుగు రోజుల ముందే వచ్చింది. "అక్కా, చెవిలో పోటు" అన్నావు. నాకప్పుడు పంతొమ్మిది. నర్సింగ్ రెండో ఏడాది. చెవి, ముక్కు, గొంతు పాఠం ఆ నెలలోనే అయింది, మార్కులు కూడా బాగానే వచ్చాయి. "పరీక్షంటే అందరికీ ఏదో ఒక పోటు వస్తుందిలే" అన్నాను. మూడో రోజున చెవి వెనక వాచింది. జడ వేస్తుంటే చెయ్యి తగిలి అరిచావు. నేనేం చేశానో తెలుసా? జడ రెండో వైపుకు తిప్పి వేశాను.

పరీక్ష ఉదయం జ్వరం మాత్రలు రెండు మింగించాను. మోసుకెళ్లిన మాట నిజం. రెండు మైళ్లూ నిజం. దారి పొడుగునా నువ్వు నీ ఎడమ చెంప నా వీపుకు ఆనించలేదు, మెడ పక్కకు వంచుకునే ఉన్నావు. అది నాకు తెలిసింది. నడుస్తూనే ఉన్నాను.

పరీక్ష రాసి వచ్చిన వారానికి నీకు చెవి జబ్బు చేసిందని చెప్పాను కదా. వారం కాదు. హాలు బయటికొచ్చి, నా మీద వాంతి చేసుకుని, అక్కడే పడిపోయావు. ఆస్పత్రిలో డాక్టరు ఎన్నాళ్లయిందని అడిగాడు. "నిన్నటి నుంచి" అన్నాను. చీము ఎముక దాకా వెళ్లింది. కోసి తీశారు. రెండు రోజుల ముందు తెచ్చుంటే వినికిడి దక్కేదని డాక్టరు నాన్నతో అన్నాడు. నిన్నటి నుంచేనన్న నా మాట నమ్మి నాన్న, పోయేదాకా ఆ డాక్టర్నే తిట్టుకున్నాడు.

నువ్వు ఆ రోజు రాయకపోతే ఈ బల్ల దగ్గర ఉండేదానివా? ఉండకపోవచ్చు. నాకు తెలీదు. నీ బల్లా నిజమే, నీ చెవీ నిజమే. రెండూ నా చేతి మీదుగానే వచ్చాయి, ఒక్కటే చెప్పుకున్నాను. చుట్టాల ముందు మొదటిసారి చెప్పినప్పుడు సిగ్గేసింది. పదోసారికి నేనే నమ్మేశాను.

పిల్లల వార్డే ఎందుకు పట్టుకుని వేలాడుతున్నావని అడుగుతుంటావు. జాలిగుండె అని తప్పించుకునేదాన్ని. జాలీ కాదు, గుండే కాదు. తల్లులు 'నిన్నటి నుంచి' అంటే నమ్మని మనిషి ఒకత్తి అక్కడ ఉండాలి.

మరిదిగారితో చెప్పు, నాది త్యాగం కాదని. మూర్ఖత్వంలో ఆయనకన్నా నేను ముప్పై ఏళ్లు సీనియర్ని.

అక్క

•

మా ముందు గది
సోమవారం

అక్కా,

ఉత్తరం అందింది. పిల్లను పంపడం లేదు.

మిగతా దానికి నా దగ్గర ఇప్పుడు మాట లేదు.

చెల్లి

•

పిల్లల వార్డు, నర్సుల గది
రెండు నెలల తర్వాత, గురువారం

చెల్లీ,

నన్ను చూస్తే చాలు, మా పోస్ట్‌మ్యాన్ ఖాళీ చేతులు తిప్పి చూపించి వెళ్లిపోతున్నాడు. మొన్న తనే ఒక కార్డు కొనిచ్చి, 'ఏదో ఒకటి రాసుకోండమ్మా, నేనే తెచ్చిస్తాను' అన్నాడు. ఊరందరికీ నా మీద జాలి పుట్టేలా చేశావు, సంతోషం.

నన్ను క్షమించమని రాయడం లేదు. ఆ మాట నాలుగుసార్లు రాసి కొట్టేశాను. కాగితం మీద అది చాలా పొట్టిగా ఉంది.

లెక్క ప్రకారం పిల్లకు నిన్న బుధవారం ఇంజెక్షన్ పడి ఉండాలి. ఒక్కటి కూడా తప్పించకూడదు. ఒంట్లో బాగున్నప్పుడే తప్పిస్తారు అందరూ. చెల్లి మాట్లాడకపోయినా ఫరవాలేదు, ఇంజెక్షన్ పడిందా లేదా రాయి చాలు.

అక్క

•

మా ముందు గది
ఆదివారం

అక్కా,

పడింది. ఇప్పటిదాకా అన్నీ తేదీ తప్పకుండా పడ్డాయి. కాంపౌండరు చేతి కింద పిడుగు అరిచిన అరుపులకు వీధిలో వాళ్లు వచ్చి చూసి వెళ్లారు. దాని ఊపిరితిత్తులు దివ్యంగా ఉన్నాయని అందరూ మెచ్చుకున్నారు.

రెండు నెలలు కోపంతోనే రాయలేదని నువ్వనుకుని ఉంటావు. సరిగ్గానే అనుకున్నావు. మొదటి రోజుల్లో అద్దంలో ఎడమ చెవి వెనక మచ్చను చూసుకుని, నిన్ను తిట్టాల్సిన తిట్లన్నీ వరసగా తిట్టుకునేదాన్ని. తర్వాత ఒకరోజు ఆఫీసులో కొత్తగా చేరిన అమ్మాయిని చూశాను. గీత వంకరపోతే మూతి బిగించి, తుడిచిన చోటును చేత్తో కప్పేసుకుంటోంది. వయసెంత అంటే పంతొమ్మిది అంది. అంత చిన్నగా ఉంటారని నాకు గుర్తే లేదు. ఆ నాలుగు రోజులూ మనింట్లో అంతకన్నా పెద్దవాళ్లు ఎవరూ లేరు. కోపం పోయిందని రాయను. పోలేదు. కానీ అప్పటి పంతొమ్మిదేళ్ల నీ మీద రావాల్సినంత రావడం లేదు.

ఇక్కడి సంగతులు. నీ ఉత్తరం మీ మరిదికి చదివి వినిపించాను. లేచి వెళ్లి, గట్టి కుర్చీ కోసం పురమాయించిన వడ్రంగికి వద్దని చెప్పి వచ్చారు. తర్వాత ఇద్దరం కలిసి పిడుగుకు చెప్పాం. ఆయన కళ్లద్దాలు తుడుచుకుంటూ, "అన్నిటికన్నా నీ గుండె ముఖ్యం తల్లీ" అన్నారు.

"ఆ మాట పట్టికలో ఏ వరసలో ఉంది నాన్నా?" అంది.

ఆయన నిజంగానే గోడ వైపు చూశారు.

"రాయమన్నప్పుడు నన్ను అడగలేదు, వద్దన్నప్పుడూ అడగలేదు. నాకు రాయాలనే ఉంది" అంది. నేను ఊహించనిది అదే అక్కా. పిల్ల మా బలవంతం మీద చదువుతోందనుకున్నాను. అది ఆ బడి ఫొటో దిండు కింద పెట్టుకుంది. ఏం చెప్పను? "నీకు రాయాలని ఉందని తెలుసుకోకపోవడం నా తప్పు. అయినా పంపను. ఈ రెండింటికీ నువ్వు నన్ను తిట్టొచ్చు" అన్నాను. తిట్టలేదు. తొమ్మిది రోజులు మాట్లాడలేదు. నీళ్లు కావాలంటే గోడతో చెప్పేది. ఇది ఎవరి పోలికో నాకూ నీకూ తెలియకపోదు.

పరీక్ష రోజున ముగ్గురం ఇంట్లోనే ఉన్నాం. తొమ్మిదింటికి ఆయన పట్టిక చింపబోతే దాంతో పాటు గోడ సున్నం కూడా ఊడొచ్చింది. పన్నెండింటి దాకా ఎవరూ గడియారం చూడలేదు, అంటే అందరం దాన్నే చూస్తున్నాం. పన్నెండయ్యాక పిడుగు ముసుగు తన్ని ఏడ్చింది. పక్కన కూర్చున్నాను. వీపు మీద చెయ్యేస్తే తీసేసింది. కాసేపయ్యాక మళ్లీ వేశాను. ఈసారి తీయలేదు.

మాస్టారి దగ్గర పన్నెండు మంది చదివితే ఒక్కరికి సీటు వచ్చింది. మిగతా పదకొండు మందీ, పాపం, పూర్తి ఆరోగ్యంగా ఉన్నవాళ్లే. ఆయన ఇంటికొచ్చి, "మన పిల్ల రాసుంటే కచ్చితంగా వచ్చేదమ్మా" అని ఓదార్చి వెళ్లారు. ఆయన ఓదార్పు తగ్గడానికి మాకు వారం పట్టింది.

డాక్టరు మళ్లీ చూశారు. చప్పుడు తగ్గింది, పోలేదు. పూర్తిగా పోతుందో లేదో ఇప్పుడే చెప్పలేమన్నారు. నన్ను కూర్చోమనలేదు, నిలబెట్టే చెప్పారు. నీ వైద్యం ప్రకారం అది మంచి కబురే కదా.

మొన్న సోమవారం మా వీధి చివరి బడిలో చేర్చాం. ఫారం ఒకటే పేజీ. ముగ్గురం నడిచి బయల్దేరాం. సగం దారిలో పిడుగు, "కాళ్లు బరువుగా ఉన్నాయి" అంది. బడి గేటు ఎదురుగా కనపడుతోంది. గట్టిగా యాభై అడుగులుండదు. గంట కూడా మొదలైంది. మీ మరిది నోరు తెరిచారు. ఇంకెంత, వచ్చేశాం కదా అంటారనుకున్నాను.

ఆయన జేబురుమాలు తీసి, మూసి ఉన్న టైలరు దుకాణం మెట్టు మీద పరిచారు. ముగ్గురం కూర్చున్నాం. గంట ఆగిపోయింది. మా కళ్ల ముందే గేటు మూశారు.

"మొదటి రోజే ఆలస్యం. తిడతారేమో" అంది పిడుగు.

"తిట్టనీ" అన్నారు. "ముందు నీ కాళ్లు ఏమంటున్నాయో చెప్పు, వింటాను."

వచ్చే నెల ఇంజెక్షన్‌కి నువ్వే రా. వచ్చి నా ఎడమ పక్కన కూర్చోకు, మాట్లాడాల్సింది చాలా ఉంది.

చెల్లి